పట్టిన కార్డల్లా పనిచేయదు

గుంటూరు బ్రాడీపేటలో మా కొట్టు బల్ల వెనక కూర్చోబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఫోన్లు మారాయి, బల్ల మీద అద్దం రెండుసార్లు పగిలింది. అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: “ఈ కార్డు నా ఫోనుకి పనికొస్తుందా?” ఈ శీర్షికకు పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దీని మీదే. అందుకని ఈసారి ఛార్జర్లు, బ్యాటరీలు పక్కనపెట్టి మెమరీ కార్డుల సంగతే చూద్దాం.

ప్రశ్న: మా నాన్నగారికి ఎనభై దగ్గర పడింది. టచ్ ఫోను అలవాటు కాలేదు. పాత నోకియా 2700 క్లాసిక్‌లోనే పద్యాలు, హరికథలు వింటారు. అందులోని కార్డు పాడైతే కొత్తగా 32జీబీ కార్డు కొని వేశాను. ఫోను అసలు గుర్తించడం లేదు. అదే కార్డు లాప్‌టాప్‌లో పెడితే బాగానే ఉంది. ఫార్మాట్ కూడా చేసి చూశాను. లోపం కార్డుదా, ఫోనుదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండింటిలోనూ లోపం లేదమ్మా. నంబర్లు వేసే పద్ధతి మారింది, అంతే.

మీ నాన్నగారి ఫోను 2009 నాటిది. అది 2జీబీ వరకే గుర్తిస్తుంది. ఆ రోజుల్లో మా కొట్టు ముందు ‘మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును’ అని బోర్డు ఉండేది. సాయంత్రం అయిందంటే కాలేజీ కుర్రాళ్లు వరసకట్టేవాళ్లు. 2జీబీ నిండా పాటలు పోసి ఇస్తే పండగే. అప్పుడే 4జీబీ కార్డులు బజారుకొచ్చాయి. ఒక పెద్దమనిషి సరదాపడి కొనుక్కెళ్లి, గంటలో తిరిగొచ్చి బల్ల మీద విసిరాడు. వేరేది ఇచ్చాను. అదీ అంతే. మూడోదీ అంతే. డబ్బులు వెనక్కిచ్చి, ఆ రాత్రి కూర్చుని చదివితే గానీ నాకు సంగతి బోధపడలేదు.

2జీబీ వరకు వచ్చే పాత ఎస్‌డీ కార్డులో ఒక్కో బైటుకీ ఒక్కో నంబరు. ఫలానా నంబరు బైటు నుంచి ఇవ్వమని ఫోను అడుగుతుంది, కార్డు ఇస్తుంది. ఆ నంబరు రాయడానికి 32 బిట్ల చోటే ఉంది. అంతలో 4జీబీ దాటి లెక్కపెట్టడం కుదరదు. అందుకని 2006లో ఎస్‌డీహెచ్‌సీ అనే కొత్త రకం తెచ్చినప్పుడు బైటుకో నంబరు మానేసి, 512 బైట్లను ఒక దిమ్మగా కట్టి, దిమ్మకో నంబరు వేశారు. అప్పుడు బజారుకొచ్చిన ఆ 4జీబీ కార్డులు ఈ రకమే. మా బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని ఊళ్లోవాళ్లకు తెలుసు. కొత్తగా చేరిన కొరియర్ కుర్రాడు అది ఇంటి నంబరనుకుని ఎండలో తిరుగుతాడు. మీ నాన్నగారి ఫోను ఆ కుర్రాడే అనుకోండి. కొత్త కార్డు చెప్పే చిరునామా దానికి తెలియదు. ఫార్మాట్ చేయడమంటే ఇంటికి సున్నం కొట్టించడం. ఇల్లు తెల్లగా అవుతుంది గానీ చిరునామా మారదు కదా.

దీనికి ఎదురు మాత్రం నడుస్తుంది. అంటే పాత 2జీబీ కార్డు తీసుకెళ్లి కొత్త ఫోనులో పెట్టినా చదువుతుంది. పాత ఫోనులో కొత్త కార్డుతోనే పేచీ.

కాబట్టి 2జీబీ మైక్రో ఎస్‌డీ, అంటే గోరంత ఉండే ఎస్‌డీ కార్డు, కోసం వెతకండి. కార్డు మీద ‘ఎస్‌డీ’ అని మాత్రమే ఉండాలి, పక్కన ‘హెచ్‌సీ’ ఉండకూడదు. కొత్తవి పెద్ద షాపుల్లో దొరకవు. పాత రిపేరు కొట్లలో సొరుగు అడుగున ఉంటాయి, అడిగితే తీస్తారు. ఎవరింట్లోనైనా పక్కన పడేసిన పాత ఫోను ఉంటే దాని కార్డు చాలు. దొరికాక ఆ ఫోనులోనే ఫార్మాట్ చేసి, తర్వాత పద్యాలు వేయండి. 2జీబీ ఏం సరిపోతుందని అనుకోకండి. మామూలు 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. అంటే 30 గంటల పైచిలుకు పాట. రోజుకో గంట విన్నా నెల పడుతుంది. ఆయన విన్నదే వింటారు, నాకు తెలుసు. మా నాన్నా అంతే.

ప్రశ్న: కీప్యాడ్ ఫోన్లలో 32జీబీ దాటితే కార్డు పనిచేయదని మీరు పోయిన సంచికలో రాశారు. నేను 64జీబీ కార్డును ఫ్యాట్32లోకి ఫార్మాట్ చేసి, 32 వరకే అని డబ్బా మీద ఉన్న ఫోనులో వేశాను. రెండు నెలలుగా నడుస్తోంది. మీరు రాసింది తప్పు కదా?
— ఒక ఎలక్ట్రీషియన్, మంగళగిరి

జవాబు: తప్పే తమ్ముడూ. తొందరలో అడ్డంగా రాసేశాను. చెంపలేసుకుంటున్నాను.

పై ఉత్తరంలో చెప్పిన 2జీబీ గోడ వేరు, ఈ 32జీబీ గోడ వేరు. 32 దాటిన కార్డుల్ని ఎస్‌డీఎక్స్‌సీ అంటారు, 2009లో వచ్చాయి. వీటిలో చిరునామా పద్ధతి ఎస్‌డీహెచ్‌సీలో ఉన్నదే. మారింది లోపల కాగితాలు సర్దే పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్. 32 వరకు ఫ్యాట్32, అది దాటితే ఎక్స్‌ఫ్యాట్ అని నియమం పెట్టారు. ఎక్స్‌ఫ్యాట్ మైక్రోసాఫ్ట్‌వాళ్ల సొత్తు. అది పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి. చవక ఫోను చేసేవాడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? పెట్టడు. అందుకే ఫోను కార్డును చూస్తుంది, చదవలేక ‘ఫార్మాట్ చేయాలా’ అంటుంది. మీరు ఫ్యాట్32 చేసేసరికి దానికి తెలిసిన భాషే అయింది. మొదటి గోడ దూకలేం, రెండోది చాలాసార్లు దూకొచ్చు. నేను రెండూ కలిపేశాను.

అయినా ఒక మాట. డబ్బా మీద 32 అని వేసినవాడు అంతవరకే పూచీ పడతాడు. కొన్ని ఫోన్లు ఇలా చేసినా ఒప్పుకోవు. ఒప్పుకున్నా, వేల పాటలుంటే ఆన్ చేసిన ప్రతిసారీ జాబితా చదువుకోవడానికి ఆపసోపాలు పడతాయి. ఈ ప్రయత్నం చేసేవాళ్లకు ఇంకో చిక్కు: విండోస్‌లో రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే, 32 దాటిన కార్డుకి ఫ్యాట్32 అన్న మాటే చాలా కంప్యూటర్లలో కనిపించదు. వేరే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి. ఇంట్లో కొత్తగా కొనేవాళ్లు ఇదంతా పడకుండా 32 కార్డు తెచ్చుకోవడం మేలు. మీలాంటి చేయి తిరిగినవాళ్ల సంగతి వేరు.

ప్రశ్న: మా అమ్మ పోయి పదేళ్లయింది. బీరువా సర్దుతుంటే నా పాత నోకియా ఎన్70 దొరికింది. అందులో కార్డు ఉంది, అమ్మ ఫొటోలు అందులోనే ఉండాలి. ఆ కార్డు ఇప్పటి కార్డుల కంటే చాలా పెద్దది, గోరంత కాదు, బిస్కెట్టంత. ఏ రీడరులోనూ పట్టడం లేదని రెండు షాపుల్లో చెప్పారు. ఫోను ఛార్జ్ ఎక్కడం లేదు. దారి ఉందా?
— ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: ఉందండీ. కార్డును ఇక ఎవరి చేతికీ ఇవ్వకండి, ముందు ఇది చదవండి.

అది ఆర్ఎస్-ఎంఎంసీ. 1997లో శాన్‌డిస్క్, సీమెన్స్ కలిసి తెచ్చిన మల్టీమీడియా కార్డుకు పొట్టి తమ్ముడు. అప్పట్లో నోకియా ఒక్క కంపెనీ ఫోన్లకే మా కొట్టులో నాలుగు రకాల కార్డులు పెట్టాల్సి వచ్చేది. 6600కి పూర్తి పొడవు మల్టీమీడియా కార్డు (ఎంఎంసీ), 7610కి సగం కోసినట్టుండే ఆర్ఎస్-ఎంఎంసీ, ఎన్73కి మినీ ఎస్‌డీ, తర్వాత వచ్చినవాటికి మైక్రో ఎస్‌డీ. సోనీ ఎరిక్సన్ వాళ్లొస్తే ఇవేవీ కాదు, ఎం2 అని వాళ్లది వాళ్లకే. అది చూడ్డానికి మైక్రో ఎస్‌డీలాగే ఉంటుంది, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ. దాన్ని దీంట్లో, దీన్ని దాంట్లో దూర్చి స్లాటు పళ్లు వంచుకొచ్చినవాళ్లు ఎంతమందో. ఇంకో తమాషా చూడండి. మీ ఎన్70 కార్డు, 7610 కార్డు కొలతకు ఒకటే. కానీ ఎన్70 తక్కువ వోల్టేజీతో నడుస్తుంది, 1.8తోనూ నడిచే రెండు వోల్టేజీల కార్డే దానికి కావాలి. 3 వోల్టుల కార్డు తెచ్చి పెడితే ‘టక్’మని పడుతుంది, ఫోను మాత్రం ఉలకదు, పలకదు. పట్టడం వేరు, పనిచేయడం వేరని నాకు నేర్పింది ఆ ఫోనే.

సరే, మీ పని. సులువైన దారి ముందు చెబుతాను. ఎన్70 బ్యాటరీ వెనక ‘బీఎల్-5సీ’ అని ఉంటుంది చూడండి. పదేళ్లు పడుకున్న బ్యాటరీ లేవదు, ఉబ్బితే అసలు ముట్టుకోకండి. కానీ ఆ రకం బ్యాటరీ ఈ రోజుకీ ప్రతి ఊళ్లో దొరుకుతుంది. భక్తి పాటల డబ్బాల్లో, చిన్న రేడియోల్లో పెట్టేది అదే. ఒకటి కొని వేయండి. నోకియా సన్నపిన్ను ఛార్జరు పెట్టండి. ఫోను లేచిందంటే ఇక కార్డు బయటికి తీసే పనే లేదు. గ్యాలరీలో ఫొటోలు కనిపిస్తాయి. బ్లూటూత్ ఆన్ చేసి మీ ఆండ్రాయిడ్ ఫోనుకి పంపండి. నెమ్మదిగా పోతాయి, ఒక మధ్యాహ్నం పడుతుంది. పట్టనివ్వండి.

ఫోను లేవకపోతే రెండో దారి. కార్డును వెనక్కి తిప్పండి. అంచున బంగారు రంగు పట్టీలు ఏడు వరసగా ఉంటాయి. కొన్నిటికి కింద రెండో వరస కూడా ఉంటుంది, దాని గొడవ మనకొద్దు. కెమెరాల పెద్ద ఎస్‌డీ కార్డు పెట్టే స్లాటు ఉన్న రీడరులో ఆ ఏడు పట్టీలు సరిగ్గా కూర్చుంటాయి. చాలా రీడర్లు ఎంఎంసీని చదువుతాయి. మరి షాపువాళ్లు పట్టడం లేదని ఎందుకన్నారు? వెడల్పు సరిపోతుంది, 24 మిల్లీమీటర్లు. పొడవు మాత్రం 18 మిల్లీమీటర్లే. అందుకని లోపలికి జారిపోతుంది, చేతికి దొరకదు. దీనికోసం కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ తొడుగు ఇచ్చేవాళ్లు, అది తగిలిస్తే పొడుగవుతుంది. మీ ఇంట్లో ఆ ఫోను డబ్బా ఉంటే అడుగున వెతకండి. లేకపోతే నేను చేసే పని ఇది: పట్టీలు లేని వైపు, కార్డు చివర, పలచటి సెల్లోటేపు ముక్కను తోకలా అంటిస్తాను. తోక బయట ఉండేలా కార్డును మెల్లగా తోస్తాను. పని అయ్యాక తోక పట్టుకుని లాగుతాను. లాప్‌టాప్‌కి ఉన్న స్లాటులో ఈ సాహసం చేయకండి. ఇరుక్కుంటే లాప్‌టాప్ విప్పాలి. విడిగా దొరికే చవక రీడరులో చేయండి. ఇరుక్కున్నా దాన్ని పగలగొట్టి కార్డు తీసుకోవచ్చు.

ఇంకొక్కటి గుర్తు తెచ్చుకోండి. ఆ నోకియా ఫోన్లలో మెమరీ కార్డుకే పాస్‌వర్డ్ పెట్టుకునే సౌకర్యం ఉండేది. మీరు పెట్టి ఉంటే రీడరులో కార్డు మొండికేస్తుంది. అప్పుడు మొదటి దారే గతి, ఆ ఫోనే లేవాలి. బాపట్ల నుంచి గుంటూరు ఎంత దూరం, ఏ దారీ కుదరకపోతే కార్డూ ఫోనూ జేబులో వేసుకుని రండి. నా దగ్గర తొడుగు ఒకటుంది.

ప్రశ్న: ఫోను కిందపడి డిస్‌ప్లే పోయింది. కార్డు తీసి కొత్త ఫోనులో పెడితే ‘ఈ కార్డు సపోర్ట్ చేయదు, ఫార్మాట్ చేయండి’ అంటోంది. అందులో నాలుగేళ్ల ఫొటోలు. కార్డు చెడిపోయిందా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: ఫార్మాట్ నొక్కలేదు కదా తల్లీ? నొక్కకపోతే ఆశ ఉంది.

కార్డు మొదటిసారి వేసినప్పుడు పాత ఫోను నిన్ను ఒక ప్రశ్న అడిగి ఉంటుంది, దీన్ని విడి కార్డుగా వాడాలా, ఫోను సొంత మెమరీలో కలిపేసుకోవాలా అని. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో మొదలైంది ఈ సౌకర్యం. కలిపేయమంటే జాగా పెరుగుతుంది కదా అని చాలామంది అదే నొక్కుతారు. అప్పుడు ఫోను ఏం చేస్తుందంటే, కార్డు మొత్తాన్ని తుడిచి, ఆపైన రాసే ప్రతి అక్షరాన్నీ తాళం వేసి రాస్తుంది. తాళంచెవి కార్డులో ఉండదు, ఆ ఫోను లోపలే ఉంటుంది. ఆ కార్డు ఇంకే ఫోనుకైనా, కంప్యూటరుకైనా పిచ్చిగీతలే.

పోయింది డిస్‌ప్లేనే అంటున్నావు కాబట్టి తాళంచెవి బతికే ఉంది. కార్డు తిరిగి పాత ఫోనులోనే పెట్టి, డిస్‌ప్లే మార్పించు. ఫోను పాతదని రిపేరు దండగ అనుకోకు, ఫొటోలు బయటికొచ్చే వరకైనా అది వెలగాలి. మెకానిక్‌కి మొదటి మాటగా చెప్పు: “రీసెట్ కొట్టొద్దు.” కాగితం మీద రాసి ఫోనుకు అంటించినా తప్పు లేదు. రీసెట్ కొడితే తాళంచెవి కూడా పోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. ఫోను లేచాక ఫొటోలన్నీ కంప్యూటరులోకి తీసుకుని, కొత్త ఫోనులో మాత్రం విడి కార్డుగానే వాడుకో. ఈ కలిపేసుకునే వ్యవహారం నాకు మొదటి నుంచీ నచ్చదు.

ప్రశ్న: నాలుగు వందలకే 1టీబీ కార్డు వచ్చిందని మా బావమరిది తెచ్చాడు. ఫోను 1టీబీ అనే చూపిస్తోంది. కానీ కొన్నాళ్లకి వీడియోలు తెరుచుకోవడం మానేశాయి, పేర్లు మాత్రం ఉన్నాయి. ఇంకో సందేహం, నా దగ్గరున్న మంచి కంపెనీ 32జీబీ కార్డు కూడా 29 చిల్లరే చూపిస్తోంది. అదీ మోసమేనా?
— ఒక ఆటో డ్రైవరు, సత్తెనపల్లి

జవాబు: రెండోది ముందు. అది మోసం కాదు. కంపెనీవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, ఫోను 1024 లెక్కన కొలుస్తుంది. 32 వందల కోట్ల బైట్లను ఆ లెక్కలోకి మారిస్తే 29.8 వస్తుంది. మీ కార్డు మంచిదే.

మొదటిది పచ్చి మోసం. కార్డులో మెమరీ చిప్పుతో పాటు చిన్న కంట్రోలరు ఉంటుంది. నీ దగ్గర ఎంత చోటుందని ఫోను అడిగితే జవాబు చెప్పేది అదే. దానికి అబద్ధం నేర్పి పంపుతారు. లోపల ఉన్నది 8జీబీయో 16జీబీయో, పైకి 1టీబీ అంటుంది. ఉన్నంత మేర నిజంగానే దాచుకుంటుంది. అది నిండాక వచ్చేవాటికి పేరు రాసుకుని, సరుకు గాల్లో వదిలేస్తుంది, లేదా పాతదాని మీదే రాసేస్తుంది. అందుకే పేర్లుంటాయి, వీడియో ఉండదు.

మిమ్మల్ని నవ్వే హక్కు నాకు లేదు. 2012లో సంచీ తగిలించుకుని కొట్టు కొట్టూ తిరిగే ఒక హోల్‌సేల్ కుర్రాడి దగ్గర 16జీబీ కార్డులు ముప్ఫై తీసుకున్నాను. రేటు చూసి నోరూరింది. రెండు వారాలు హాయిగా అమ్ముకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం ఒకావిడ చంకలో పిల్లాడితో వచ్చింది. గొడవ పడలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అన్నప్రాశన ఫొటోలు. మొదటి నలభై బాగున్నాయి. తర్వాత ఒకటి పైసగం పళ్లెం, పెన్ను, పుస్తకం కనిపిస్తున్నాయి, కింద సగం బూడిదరంగు. ఆ తర్వాత అన్నీ బూడిదే. “పిల్లాడు ఏది పట్టుకున్నాడో ఆ ఫొటోలోనే ఉందన్నా” అంది. మిగిలిన కార్డులన్నీ ఆ రాత్రి పరీక్షించాను, ఒక్కటీ 4జీబీ దాటలేదు. కొన్నవాళ్లలో తిరిగొచ్చిన ప్రతివాళ్లకీ డబ్బులిచ్చాను. ఆ కుర్రాడు మళ్లీ మా లైనులోకి రాలేదు.

అప్పటి నుంచి కొత్త సరుకొస్తే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడందే అమ్మను. అది కార్డును చివరిదాకా నింపి, మళ్లీ చదివి, రాసింది రాసినట్టు ఉందో లేదో చెబుతుంది. ఖాళీ కార్డు మీద చేయాలి, పెద్దదైతే గంటలు పడుతుంది. మీ బావమరిది కార్డు మీద చేస్తే అసలు సైజు తెలుస్తుంది గానీ, తెలిసి మాత్రం ఏం చేస్తారు? పారేయండి. అసలు సిసలు 1టీబీ కార్డులు 2019 నుంచీ ఉన్నాయి, ధర వేలల్లో మాట.

ప్రశ్న: మిర్చి యార్డులో గుమస్తా పని. సీజనులో నా ఫోను రోజుకు పదిసార్లు ‘మెమరీ కార్డు తీసివేయబడింది’ అంటుంది. తీసి పెడితే మళ్లీ వస్తుంది. కార్డు మార్చాలా?
— గుంటూరు

జవాబు: వద్దు. ముందు శుభ్రం చేయాలి. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డు నుంచి వచ్చే ఫోన్లు నాకు వాసనతోనే తెలుస్తాయి. సిమ్ ట్రే లాగితే అంచుల వెంట ఎర్రటి పొడి సన్న గీతలా కట్టి ఉంటుంది. ఒకసారి అలవాటు కొద్దీ ఉఫ్‌మని ఊది, పావుగంట తుమ్మాను. పైగా నోటితో ఊదితే తేమ వెళ్లి పొడి ఇంకా అంటుకుంటుంది. ఫోను స్విచాఫ్ చేసి, ట్రే తీసి, మెత్తటి ఎండు బ్రష్షుతో దులపండి. కార్డు వెనక బంగారు పట్టీలను పెన్సిలు రబ్బరుతో రెండుసార్లు మెల్లగా రుద్ది, బట్టతో తుడవండి. స్లాటు లోపలికి పిన్నులు, పుల్లలు పెట్టొద్దు. లోపల పళ్లు వెంట్రుకంత సన్నం. అప్పటికీ తగ్గకపోతే ఏ రిపేరు కొట్టులోనైనా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి కడుగుతారు, ఐదు నిమిషాల పని. రోజూ యార్డుకు వెళ్లేవాళ్లు ఫోనును పలచటి ప్లాస్టిక్ కవరులో వేసుకుంటే నయం.

ప్రశ్న: పెళ్లి వీడియో 6జీబీ ఒకే ఫైలు. 32జీబీ కార్డు ఖాళీగా ఉన్నా ‘ఫైల్ చాలా పెద్దది’ అని కాపీ కావడం లేదు.
— పొన్నూరు

జవాబు: ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4జీబీ లోపే ఉండాలి, కార్డు ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. ఆ కార్డు మీ ఫోను చదువుతుందో లేదో చిన్న ఫైలుతో ముందు చూసుకోండి. చదవకపోతే వీడియో తీసినవాళ్లనే రెండు ముక్కలు చేసి ఇవ్వమనండి. పెళ్లి ఒక ముక్క, భోజనాలు ఒక ముక్క.

ప్రశ్న: కార్డు మీద 10, యూ3, వీ30, ఏ1 అని ఏవేవో గుర్తులున్నాయి. ఏది చూసి కొనాలి?
— చిలకలూరిపేట

జవాబు: వృత్తంలో 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుంది. యూ3 అన్నా వీ30 అన్నా కనీసం 30. ఏ1 అనేది యాప్‌ల కోసం, చిన్నచిన్న ముక్కల్ని ఎంత చురుగ్గా తీసి ఇస్తుందో చెప్పే గుర్తు. పాటలు, ఫొటోలు అయితే 10 చాలు. ఫోనులో 4కే వీడియో తీసేవాళ్లు యూ3 తీసుకోండి. ఇంటి కెమెరాలో వేసేవాళ్లు వీటికంటే ముందు ‘ఎండ్యూరెన్స్’ అన్న మాట ఉందేమో చూడండి. రాత్రింబవళ్లు చెరిపి రాయడానికి మామూలు కార్డు ఎక్కువ కాలం ఆగదు.

ప్రశ్న: నా ఫోనులో రెండో సిమ్ పెడితే కార్డుకు చోటు లేదు. సిమ్ చిప్పు ఊడదీసి మెమరీ కార్డుకు అంటిస్తే రెండూ పనిచేస్తాయని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?
— విజయవాడ, పటమట

జవాబు: చేసినవాళ్లలో కొందరికి పనిచేసింది, కాదనను. మిగిలినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. మందం పెరిగి ట్రే లోపలే బిగుసుకుపోతే, పట్టకారుతో లాగేటప్పుడు స్లాటు పళ్లు కూడా వస్తాయి. కార్డు జాగా కోసం ఫోను బోర్డు పణంగా పెట్టకండి.

ప్రశ్న: రిటైరైన తెలుగు మాస్టారిని. పిల్లలు కొనిచ్చిన కొత్త ఫోనులో అసలు కార్డు స్లాటే లేదు. పాత కార్డులో నా పాఠాల రికార్డింగులు ఉన్నాయి. ఈ కార్డు ఇక వృథాయేనా?
— రేపల్లె

జవాబు: వృథా కాదు మాస్టారూ. ఖరీదైన ఫోన్లలో స్లాటు ఎప్పటి నుంచో పోతూ వస్తోంది. ఐఫోనుకు పుట్టుకతోనే లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ వరసలో 2021లో వచ్చిన ఎస్21 నుంచి తీసేశారు. మీ ఫోను కింద ఛార్జింగ్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే అది టైప్-సీ. టైప్-సీ కార్డు రీడరు అని అడగండి, రెండు మూడు వందల్లో వస్తుంది, బొటనవేలంత ఉంటుంది. కార్డు అందులో పెట్టి, రీడరును ఫోనుకు గుచ్చితే ఫైల్స్ యాప్‌లో కనిపిస్తుంది. కొన్ని ఫోన్లు రీడరును చదవాలంటే సెట్టింగ్స్‌లో ఓటీజీ అన్నది ఆన్ చేయాలి, అది పది నిమిషాలకు దానంతటదే ఆఫ్ అయిపోతుంది, కంగారు పడకండి. రికార్డింగులు ముందు ఫోనులోకి కాపీ చేసుకోండి. ‘మూవ్’ అన్నది నొక్కొద్దు, మధ్యలో రీడరు కదిలితే ఇటూ ఉండదు, అటూ ఉండదు. కాపీ చేసి, రెండు మూడు పాఠాలు చివరిదాకా విని చూసి, కార్డును ఒక కవరులో పెట్టి, కవరు మీద ఏముందో రాసి దాచండి. అక్షరాలు మీవి బాగుంటాయి, మా కొట్టుకు వచ్చే కవర్ల మీద ఏం రాసుందో రాసినవాళ్లకే తెలియదు.